మెక్సికో, కొలంబియా, పెరూ కాగితాలు చదవడానికి స్పానిష్: ఎక్కడ మొదలుపెట్టాలి?

తంగేడు (హైదరాబాదు)

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో ఒక మందుల కంపెనీ న్యాయ విభాగంలో పనిచేస్తున్నాను. మెక్సికోలో అనుబంధ సంస్థ పెట్టే పని నడుస్తోంది. కొలంబియా, పెరూలలో మందుల రిజిస్ట్రేషన్లు ముందునుంచీ ఉన్నాయి. అక్కడినుంచి వచ్చే ప్రతి కాగితమూ స్పానిష్‌లోనే ఉంటుంది. ఇప్పటిదాకా కంప్యూటర్ అనువాదాన్ని ఎదురుగా పెట్టుకుని, అర్థం కానిచోట అక్కడి లాయరుకు ఫోను చేసి నెట్టుకొస్తున్నాం. సంతకం పెట్టేది డైరెక్టరుగారే అయినా, "ఇందులో మనకు ఇబ్బంది తెచ్చేది ఏమైనా ఉందా?" అని అడిగేది నన్నే.

స్పానిష్ ఏ2 స్థాయి వరకు, అంటే ఆరు మెట్లలో రెండోదాకా చదివాను. మామూలు సంభాషణ అర్థమవుతుంది. కాంట్రాక్టు తెరిస్తే మాత్రం మొదటి పేరాలోనే ఆగిపోతున్నాను. ఇంటర్నెట్‌లో న్యాయ పదాల పట్టికలు చాలా ఉన్నాయి గానీ, ఒక్కో మాటకు నాలుగేసి స్పానిష్ మాటలు ఇచ్చి ఊరుకుంటాయి. ఏది ఏ దేశంలో చెల్లుతుందో ఉండదు. ఈ పనిలో ఉన్నవాళ్లు దారి చెప్పండి. నాకు మాట్లాడటం కన్నా చదివి అర్థం చేసుకోవడం ముఖ్యం.

పాలపిట్ట (అనువాదకురాలు, హైదరాబాదు భాషా విశ్వవిద్యాలయం ఇఫ్లూ పూర్వ విద్యార్థిని)

తంగేడు గారూ, ఆ పట్టికలను పక్కన పెట్టేయండి. స్పానిష్ అధికార భాషగా ఉన్న దేశాలు 20. ప్రతి దేశానికీ తన సివిల్ కోడ్, తన కంపెనీ చట్టం, తన పన్నుల శాఖ ఉన్నాయి. వ్యాకరణం అందరిదీ ఒకటే అయినా, సరిహద్దు దాటగానే ఆఫీసు మాటలు మారిపోతాయి. పన్ను గుర్తింపు సంఖ్యనే తీసుకోండి. మెక్సికోలో ఆర్‌ఎఫ్‌సీ, కొలంబియాలో నిత్, పెరూలో రుక్, చిలీలో రుత్, అర్జెంటీనాలో క్విత్, స్పెయిన్‌లో నిఫ్. ఉద్యోగమిచ్చే యజమానిని మెక్సికో కార్మిక చట్టం "పత్రోన్" అంటుంది, కొలంబియా, పెరూ చట్టాలు "ఎంప్లెయాదోర్" అంటాయి, స్పెయిన్ "ఎంప్రెసారియో" అంటుంది. లాభం మెక్సికో ఖాతాల్లో "ఉతిలిదాద్", స్పెయిన్ ఖాతాల్లో "బెనెఫీసియో". దేశం పేరు రాసి లేని పదాల పట్టిక మీ పనికి రాదు.

అందుకని ముందు దేశం తేల్చుకోండి. మీకు మెక్సికో. తరువాత ఆ దేశపు కాగితం ఒక్కటి తీసుకోండి. మాటలు విడిగా కాదు, ఆ కాగితంలో అవి ఉన్నచోటే నేర్చుకోండి. మెక్సికో సేవల ఒప్పందం దాదాపు ఎప్పుడూ ఇలా మొదలవుతుంది:

"కొంత్రాతో దె ప్రెస్తాసియోన్ దె సెర్వీసియోస్ కె సెలెబ్రాన్ పోర్ ఉనా పార్తె... ఇ పోర్ లా ఓత్రా... అల్ తెనోర్ దె లాస్ సిగియెంతెస్ దెక్లరాసియోనెస్ ఇ క్లావుసులాస్."

ఒకవైపు ఫలానా సంస్థ, మరోవైపు ఫలానా సంస్థ కింది ప్రకటనలు, షరతుల ప్రకారం కుదుర్చుకుంటున్న సేవల ఒప్పందం అని అర్థం. "సెలెబ్రార్" అంటే పండుగ చేసుకోవడం అని మొదటి తరగతుల్లో నేర్పి ఉంటారు. ఇక్కడ అది ఒప్పందం కుదుర్చుకోవడం. దీని తరువాత వచ్చే "దెక్లరాసియోనెస్" భాగాన్ని చాలామంది దాటేస్తారు. న్యాయ విభాగంవాళ్లు అసలు చదవాల్సింది అదే. ఈ కంపెనీ ఏ నొతారియో (దస్తావేజులు రాసి ధ్రువీకరించే న్యాయ నిపుణుడు) ఎదుట, ఎన్నో నంబరు దస్తావేజుతో ఏర్పడింది, సంతకం పెట్టే మనిషికి ఆ అధికారం ఎక్కడినుంచి వచ్చింది, అది ఇంకా రద్దు కాలేదన్న హామీ, అన్నీ అక్కడే ఉంటాయి. స్పెయిన్ కాంట్రాక్టులో ఈ భాగాలకు పేర్లు వేరు: "రెయునీదోస్", "ఎక్స్‌పోనెన్".

నిఘంటువు కావాలంటే స్పానిష్ రాయల్ అకాడమీ 2017లో తెచ్చిన న్యాయ నిఘంటువు ఉంది, "దిక్సియొనారియో పాన్‌ఇస్పానికో దెల్ ఎస్పన్యోల్ హురీదికో". ఇంటర్నెట్‌లో ఉచితం. ఒక మాట ఒక దేశానికే పరిమితమైతే ఆ సంగతి గుర్తు పెట్టి చూపిస్తుంది. మెక్సికో సమాఖ్య చట్టాలన్నీ అక్కడి ప్రతినిధుల సభ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మాట ఏ చట్టంలో, ఏ అధికరణంలో పుట్టిందో చూసి చదివితే మళ్లీ మరిచిపోరు.

గోదారిగట్టు (గ్వాదలహారా, మెక్సికో)

పాలపిట్ట గారు దేశం గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కాంట్రాక్టుతో మొదలుపెట్టమనడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఏ2 చదివిన మనిషికి 20 పేజీల కాంట్రాక్టు ఇస్తే రెండో రోజుకే మూసేస్తాడు. జీతం చీటీ, ఇన్‌వాయిస్, ఈ రెండింటితో మొదలుపెట్టమంటాను. రెండూ ఒక్కో పేజీ. గడులు ఉంటాయి, అంకెలు ఉంటాయి. మాటకు ఎదురుగా అంకె కనిపిస్తుంది కాబట్టి అర్థం దానంతట అదే పట్టుబడుతుంది.

నేను ఇక్కడ ఐటీ ప్రాజెక్టు చూస్తున్నాను. మన దేశం నుంచి వచ్చిన మేనేజర్లు మొదట తడబడేది జీతాల మాటల దగ్గరే. ఇక్కడ ఆఫీసు ఉద్యోగుల జీతం సాధారణంగా నెలకు రెండుసార్లు ఇస్తారు, దాన్ని "కిన్సేనా" అంటారు. చీటీలో "పెర్సెప్సియోనెస్" ఒక పక్క, కోతలు "దెదుక్సియోనెస్" మరో పక్క. "అగినాల్దో" అంటే డిసెంబరు 20 లోపు చట్టప్రకారం ఇవ్వాల్సిన కనీసం 15 రోజుల జీతం. దాన్ని దయతో ఇచ్చే బోనస్ అనుకోవద్దు, అది ఉద్యోగి హక్కు. 2023 నుంచి మొదటి ఏడాది పూర్తయితే 12 రోజుల సెలవు, ఆ సెలవు రోజుల జీతం మీద మరో 25 శాతం "ప్రీమా వకసియొనాల్". ఇవి కాక "పె తె ఊ" అని ఒకటుంది, కంపెనీ లాభంలో 10 శాతం ఉద్యోగులకు పంచాలి. మన హెడ్ ఆఫీసులు మెక్సికో బడ్జెట్ వేసేటప్పుడు మొదట అడగాల్సిన మాట ఇది.

ఉద్యోగి వెళ్లిపోయేటప్పుడు రెండు మాటలు వస్తాయి. రాజీనామా చేసి వెళ్తే "ఫినికీతో": పనిచేసిన రోజుల జీతం, అగినాల్దోలో వాటా, వాడుకోని సెలవులు. తగిన కారణం లేకుండా కంపెనీయే తీసేస్తే "లికిదాసియోన్": దానికి మూడు నెలల జీతం, సర్వీసును బట్టి ఇచ్చే మొత్తాలు కలుస్తాయి. డబ్బులో ఈ రెండింటికీ ఎంతో తేడా. ఒకదానికి బదులు మరొకటి ఈమెయిల్‌లో రాస్తే ఉద్యోగి దాన్నే పట్టుకుని కార్మిక కోర్టుకు వెళ్లగలడు.

ఇంకొకటి, తంగేడు గారికి ఇప్పుడు అవసరం లేకపోయినా ఐటీవాళ్లకు చాలా అవసరం. 2021 సంస్కరణ తరువాత మనుషులను అద్దెకు పంపే పద్ధతిని ఇక్కడ నిషేధించారు. ప్రత్యేక సేవలు మాత్రమే ఇవ్వవచ్చు, దానికి "రెప్సె" అనే రిజిస్టర్‌లో నమోదు ఉండాలి. కాంట్రాక్టులో "సెర్వీసియోస్ ఎస్పెసియలిసాదోస్" అన్న మాట కనిపిస్తే రెప్సె నంబరు కోసం వెంటనే వెతకండి.

వకాల్తా (విజయవాడ)

చాలా మంచి చర్చ. నేను సివిల్ న్యాయవాదిని. స్పెయిన్ కంపెనీతో వచ్చిన ఒక మధ్యవర్తిత్వ వివాదం కోసం స్పానిష్ మొదలుపెట్టాను. నేను పట్టుకున్న పద్ధతి ఒకటి చెబుతాను, ఇది తెలుగువాళ్లకు ప్రత్యేకంగా పనికొస్తుంది. స్పానిష్ మాటకు ఇంగ్లిష్ మాట వెతికి, దాన్ని మళ్లీ తెలుగులోకి తేవద్దు. మన కోర్టు తెలుగులో నేరుగా సరిపోయే మాటలు ఉన్నాయి. "దెమాందా" అంటే దావా. "కొంతెస్తాసియోన్" అంటే జవాబు దావా. "దెమాందాంతె" వాది, "దెమాందాదో" ప్రతివాది. "ఇపొతేకా" తనఖా, "ప్రెందా" తాకట్టు, "ఎస్క్రితూరా" దస్తావేజు, "ఫియాదోర్" జామీనుదారు.

"ఎంబార్గో" దగ్గర ఇంగ్లిష్ మనల్ని నేరుగా గోతిలో పడేస్తుంది. ఇంగ్లిష్ అలవాటుతో చదివితే వ్యాపార ఆంక్ష అనుకుంటాం. కోర్టు కాగితంలో అది జప్తు. బ్యాంకు ఖాతా మీద "ఎంబార్గో" వచ్చిందంటే ఖాతా జప్తు అయిందని. తెలుగు మాటతో గుర్తుపెట్టుకున్నవారికి ఈ పొరపాటు రాదు. "సెంతెన్సియా" కూడా అంతే. ఇంగ్లిష్ చెవికి శిక్ష అనిపిస్తుంది. అది తీర్పు, డబ్బు దావాలో ఇచ్చిన తీర్పు కూడా సెంతెన్సియానే. "రెకూర్సో" వనరు కాదు, అప్పీలు. "హురిస్ప్రుదెన్సియా" న్యాయశాస్త్రం అనుకుంటాం, కోర్టుల పూర్వ తీర్పులు అని ఎక్కువసార్లు అర్థం. "ఫిస్కాల్" విశేషణంగా వస్తే పన్నులకు సంబంధించినది, మనిషి అయితే ప్రాసిక్యూటర్.

మరో సంగతి చెప్పకుండా ఉండలేను. అద్దెకు స్పానిష్ మాట "అల్కిలేర్". అది అరబ్బీ "కిరా" నుంచి వచ్చింది, మన "కిరాయి" కూడా అక్కడిదే. కస్టమ్స్ కార్యాలయం "అద్వానా", మన "దివాణం" ఒకే మూలం. "ఫులానో" మన "ఫలానా". అరబ్బులు స్పెయిన్‌ను ఏలిన కాలంలో ఆ మాటలు అటు వెళ్లాయి, పారశీకం ద్వారా మన కచేరీలకు ఇటు వచ్చాయి. ఇది తెలిశాక ఆ భాష నాకు పరాయిదిగా అనిపించలేదు.

తంగేడు

వకాల్తా గారూ, జప్తు సంగతి ఇప్పుడే నోటుపుస్తకంలో రాసుకున్నాను. గోదారిగట్టు గారూ, జీతం చీటీ ఒక నమూనా సంపాదిస్తాను.

ఈలోగా ఒక అత్యవసర ప్రశ్న. మెక్సికో లాయరు మా కంపెనీ తరఫున అక్కడ పనిచేసే మనిషికి ఇవ్వాల్సిన అధికార పత్రం ముసాయిదా పంపారు. అందులో మూడు రకాల అధికారాలు వరసగా ఉన్నాయి. అన్నీ మామూలుగా ఇచ్చేవేనంటున్నారు. డైరెక్టరుగారు నన్ను అడిగారు, నేను ఇంకా జవాబు చెప్పలేదు.

పాలపిట్ట

ఆగండి, ఆ పత్రం మీద సంతకం పెట్టించకండి. ఆ మూడింటినీ విడివిడిగా చదవాలి. మెక్సికో సమాఖ్య సివిల్ కోడ్ 2554వ అధికరణంలో అవి ఉన్నాయి.

మొదటిది "పొదెర్ హెనెరాల్ పారా ప్లెయితోస్ ఇ కొబ్రాన్సాస్". వ్యాజ్యాలు, వసూళ్లు. కోర్టులో కంపెనీ తరఫున నిలబడటం, బాకీలు రాబట్టడం. లాయరుకు ఇది కావాలి.

రెండోది "పారా ఆక్తోస్ దె అద్మినిస్త్రాసియోన్". రోజువారీ నిర్వహణ. ఒప్పందాలు కుదుర్చుకోవడం, అద్దెకు తీసుకోవడం, ప్రభుత్వ కార్యాలయాల్లో దరఖాస్తులు పెట్టడం దీని కిందికి వస్తాయి. అక్కడ పని చూసే మనిషికి ఇది అవసరం.

మూడోది "పారా ఆక్తోస్ దె దొమీనియో". ఇక్కడ ఆగాలి. ఇది ఉన్న మనిషికి ఆస్తి విషయంలో యజమానికి ఉండే అధికారాలన్నీ వస్తాయి. కంపెనీ ఆస్తిని అమ్మవచ్చు, తనఖా పెట్టవచ్చు. అందులో పరిమితి ఏదీ రాయకపోతే చట్టం పరిమితి లేదనే అనుకుంటుంది. అవసరమైతే ఇవ్వండి, కానీ ఇంత విలువ వరకు అనో, ఫలానా పనికి మాత్రమే అనో, ఇద్దరు కలిసి సంతకం చేయాలనో రాయించండి. "కలిసి" అన్నదానికి వారి మాట "మంకొమునాదామెంతె".

నాలుగోది కూడా ఉందేమో కింది పేరాల్లో చూడండి. "తీతులోస్ దె క్రెదితో" అన్న మాట కనిపిస్తే, చెక్కులు, ప్రామిసరీ నోట్ల మీద కంపెనీ పేరుతో సంతకం చేసే అధికారం అది. మూడింటి పక్కన చిన్న పేరాగా చేరుతుంది కాబట్టి కంటికి ఆనదు.

వకాల్తా

మన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీకీ (జీపీఏ) దీనికీ తేడా నేను చెబుతాను. ఇక్కడ మనం ఇచ్చే ప్రతి అధికారాన్నీ ఒక్కొక్కటిగా రాస్తాం, రాయనిది ఇవ్వనట్టే చూస్తారు. అక్కడ ఒక్క మాట రాస్తే దాని వెనుక ఉన్న అధికారాల మూట మొత్తం చట్టం నుంచి వచ్చేస్తుంది. మన అలవాటు ప్రకారం "పెద్దగా ఏమీ రాయలేదు కదా" అని సంతకం పెడితే చిక్కు.

నొతారియో గురించి కూడా చెప్పాలి. మన నోటరీని దృష్టిలో పెట్టుకుని అతన్ని చూడకూడదు. అక్కడ నొతారియో అంటే రాష్ట్ర ప్రభుత్వం నియమించిన సీనియర్ న్యాయ నిపుణుడు. ప్రతి నొతారియోకూ ఒక నంబరు ఉంటుంది. దస్తావేజు సారాంశానికి, అందులోని మనుషుల అధికారానికి అతను బాధ్యత వహిస్తాడు, మూల ప్రతి అతని రికార్డులో ఉంటుంది. కాబట్టి మీరు హైదరాబాదులో సంతకం చేసిన పత్రం నేరుగా చెల్లదు. మన దగ్గర నోటరీ, ఆపైన విదేశాంగ శాఖ అపోస్టిల్ (హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో పత్రం చెల్లేలా వేసే ధ్రువీకరణ) కావాలి. మనం 2005లోనే ఆ హేగ్ ఒప్పందంలో చేరాం కాబట్టి రాయబార కార్యాలయం ముద్ర అక్కర్లేదు. తరువాత అక్కడ స్పానిష్ అనువాదం, ఆపైన నొతారియో దగ్గర "ప్రొతొకొలిసాసియోన్", అంటే పత్రాన్ని అతని రికార్డులోకి ఎక్కించడం.

పాలపిట్ట

ఆ అనువాదం నాలాంటివాళ్లు చేస్తే చెల్లదు, ముందే చెబుతున్నాను. మెక్సికోలో "పెరీతో త్రదుక్తోర్", అంటే అధికారికంగా గుర్తింపు ఉన్న అనువాదకుడు చేయాలి. స్పెయిన్ అయితే అక్కడి విదేశాంగ శాఖ గుర్తించిన "త్రదుక్తోర్ హురాదో", అర్జెంటీనా అయితే "త్రదుక్తోర్ పూబ్లికో", కొలంబియా అయితే "త్రదుక్తోర్ ఒఫిసియాల్". ఒక దేశంలో ముద్ర వేసిన అనువాదాన్ని మరో దేశం తీసుకోవాలని లేదు.

చిట్టా ఆవర్జా (విశాఖపట్నం)

నేను సీఏని. మాటల గురించి అందరూ చెబుతున్నారు, అంకెల గురించి ఎవరూ చెప్పలేదు. అసలు ప్రమాదం అక్కడ ఉంది.

స్పానిష్‌లో "బియోన్" అంటే ఇంగ్లిష్ బిలియన్ కాదు. అది మన లక్ష కోట్లు. ఇంగ్లిష్ బిలియన్‌కు, అంటే మన వంద కోట్లకు, వారు "మిల్ మియోనెస్" అంటారు. కొలంబియా పెసోల్లో చాలా పెద్ద మొత్తాలు తరచు బియోన్లలో వస్తాయి. అక్కడ బిలియన్ అని రాసుకుంటే వెయ్యి రెట్లు తగ్గించినట్టు. ఇంగ్లిష్ గుండా పోకుండా కోట్లలోకి మార్చుకోవడమే నయం.

రెండోది, చుక్కా కామా. మెక్సికో, పెరూలలో దశాంశానికి మనలాగే చుక్క పెడతారు. కొలంబియా, అర్జెంటీనా, చిలీ, స్పెయిన్‌లలో దశాంశానికి కామా, వేలకు చుక్క. 1.250 అని స్పెయిన్ ఇన్‌వాయిస్‌లో ఉంటే పన్నెండువందల యాభై. ఎక్సెల్‌లోకి ఎక్కించేటప్పుడు ఇది చూసుకోకపోతే మొత్తం లెడ్జరు తప్పుతుంది.

మూడోది, డాలరు గుర్తు. మెక్సికో, కొలంబియా, చిలీ, అర్జెంటీనాలలో ఆ గుర్తు పెసోకు. అమెరికా డాలరు అయితే విడిగా యూఎస్‌డీ అని రాస్తారు. మెక్సికోలో మొత్తాన్ని అక్షరాల్లో రాసిన తరువాత "ఎం.ఎన్." అని ఉంటే "మొనేదా నసియొనాల్", అంటే పెసోలే.

ఖాతాల మాటలు త్వరగా వస్తాయి. "ఆక్తీవో" ఆస్తులు, "పసీవో" అప్పులు. మూలధనం దగ్గర మాత్రం దేశం చూసుకోవాలి: మెక్సికోలో "కపితాల్ కొంతాబ్లె", స్పెయిన్‌లో "పత్రిమోనియో నేతో". "ఎహెర్సీసియో" అంటే వ్యాయామం కాదు, ఆర్థిక సంవత్సరం. మెక్సికోలో అది జనవరి నుంచి డిసెంబరు, మన ఏప్రిల్ లెక్కలతో కలిపేటప్పుడు జాగ్రత్త.

గోదారిగట్టు గారు ఇన్‌వాయిస్ అన్నారు, దాని గురించి కాస్త వివరిస్తారా? మా క్లయింటుకు మెక్సికో ఇన్‌వాయిస్‌లు వస్తున్నాయి.

గోదారిగట్టు

తప్పకుండా. ఇక్కడి ఇన్‌వాయిస్‌ను "సె ఎఫె దె ఇ" అంటారు. కాగితం దాని నీడ మాత్రమే. అసలు ఇన్‌వాయిస్ పన్నుల శాఖ "సాత్" గుర్తించిన ఎక్స్‌ఎంఎల్ ఫైలు. అందులో "ఫోలియో ఫిస్కాల్" అనే పొడవాటి గుర్తింపు సంఖ్య లేకపోతే అది ఇన్‌వాయిసే కాదు, ఖర్చు కింద చూపలేరు.

మీరు చూడాల్సిన గడి "మెతోదో దె పాగో". అక్కడ పీయూఈ అని ఉంటే మొత్తం ఒకేసారి చెల్లింపు. పీపీడీ అని ఉంటే తరువాతనో వాయిదాల్లోనో చెల్లింపు. పీపీడీ అయితే మీరు డబ్బు పంపాక సరఫరాదారు "కొంప్లెమెంతో దె పాగో" అనే మరో పత్రం ఇవ్వాలి. ఇక్కడ ఐవీఏ పన్ను, అంటే మన జీఎస్టీ లాంటిది, డబ్బు చేతులు మారినప్పుడే లెక్కకు వస్తుంది. ఆ రెండో పత్రం అడిగి తెప్పించుకోకపోతే ఇక్కడి మీ సంస్థకు పన్ను జమ చిక్కుల్లో పడుతుంది. ఈ నాలుగు మాటలు తెలిసిన అకౌంటెంటు హైదరాబాదులో కూర్చునైనా పని సరిగ్గా చేయగలడు.

మాద్రిద్ తెలుగు (స్పెయిన్)

ఆలస్యంగా చూశాను. స్పెయిన్ వైపు నుంచి రెండు సంగతులు.

ఒప్పందాన్ని ముగించడానికి మూడు నాలుగు మాటలు ఉన్నాయి, అవి ఒకదాని బదులు మరొకటి వాడేవి కావు. ఎదుటివాడు మాట తప్పాడు కాబట్టి ఒప్పందం రద్దు చేస్తున్నామంటే స్పెయిన్‌లో "రెసొలుసియోన్", సివిల్ కోడ్ 1124. ఇదే సందర్భానికి మెక్సికో కాంట్రాక్టుల్లో "రెసిసియోన్" కనిపిస్తుంది. స్పెయిన్ సివిల్ కోడ్‌లో రెసిసియోన్ వేరే పరిహారం, అప్పులవాళ్లను మోసగించడానికి చేసిన ఒప్పందాల వంటి వాటికి. గడువుకు ముందే, ఎవరి తప్పూ లేకుండా ముగించుకోవాలంటే "తెర్మినాసియోన్ అంతిసిపాదా" అని మెక్సికోలో రాస్తారు. ముసాయిదాలో ఈ మాటల్లో ఏది ఉందో, నష్టపరిహారం దేనికి వస్తుందో కలిపి చదవాలి.

రెండోది వ్యాకరణం. వాడుక భాషలో చచ్చిపోయిన ఒక క్రియారూపం చట్టంలో బతికే ఉంది. స్పెయిన్ శిక్షాస్మృతి 138వ అధికరణం "ఎల్ కె మతారె ఆ ఓత్రో" అని మొదలవుతుంది, "మరొకరిని చంపినవాడు" అని. కాంట్రాక్టుల్లో "ఇన్‌కుంప్లియేరె", "ఉబియేరె" అని చివర "రె" కనిపిస్తే కంగారు పడొద్దు, "ఒకవేళ అలా జరిగితే" అనే అర్థం. గుర్తుపడితే చాలు, మీరు రాయాల్సిన పనిలేదు.

కొత్త చిగురు (వరంగల్)

నేను బీకాం చివరి ఏడాది. ఇలాంటి ఉద్యోగాల్లోకి రావాలని ఉంది. స్పానిష్ ప్రావీణ్యతకు పెట్టే దెలె పరీక్షలో బీ2 (నాలుగో మెట్టు) వచ్చేదాకా ఆగి అప్పుడు న్యాయ, వ్యాపార పదాలు మొదలుపెట్టాలా? లేక ఇప్పుడే మొదలుపెట్టవచ్చా?

గోదారిగట్టు

తమ్ముడూ, ఆగవద్దు. పైన చెప్పిన ఇన్‌వాయిస్, జీతం చీటీ నీ కామర్స్ చదువుకు దగ్గరివి. లెక్కలు నీకు ముందే తెలుసు, మాట ఒక్కటే కొత్త. ఉద్యోగంలోకి వచ్చాక మిగతాది నేర్చుకోవచ్చు.

పాలపిట్ట

ఇక్కడ నాది వేరే అభిప్రాయం. నామవాచకాలు ఎప్పుడైనా నేర్చుకోవచ్చు, నిఘంటువులో దొరుకుతాయి. ఒప్పందం అర్థాన్ని తిప్పేసేవి నామవాచకాలు కావు. "దెబెరా" అంటే చేసి తీరాలి. "పొద్రా" అంటే చేయవచ్చు. "సె ఒబ్లీగా ఆ" అంటే బాధ్యత తీసుకుంటున్నాడు. "సాల్వో కె" అంటే అలా కాకుంటే తప్ప. "సియెంప్రె కె" వచ్చి, దాని వెనుక సంభావనార్థక క్రియ (జరగవచ్చు, జరగాలి అనే భావాన్ని చూపే రూపం, సబ్‌జంక్టివ్) ఉంటే "ఈ షరతు నెరవేరినంతవరకే" అని అర్థం. మామూలు క్రియ ఉంటే "ఎప్పుడు అలా జరిగినా" అని. ఒక్క అచ్చు మారితే హక్కు షరతుగా మారుతుంది. దీన్ని పట్టుకోవాలంటే బీ1 వ్యాకరణం గట్టిగా రావాలి. చిగురూ, పరీక్ష కోసం కాకపోయినా సంభావనార్థకం వచ్చేదాకా తరగతులు మానకు. దిల్లీ ఇన్‌స్తితూతో సెర్వాంతెస్, ఇక్కడ ఇఫ్లూ, రెండూ మంచి పునాది వేస్తాయి. అకౌంట్ల వైపు వెళ్తే గోదారిగట్టు గారి దారి సరిపోతుంది. కాంట్రాక్టుల వైపు వెళ్తే నా మాట విను.

డాలస్ ముంగిలి (టెక్సస్)

ఇక్కడినుంచి చిన్న సంగతి. అమెరికాలో చిన్న వ్యాపారులు, ఉద్యోగులతో మాట్లాడే మన అకౌంటెంట్లు, లాయర్లు చాలామంది ఉన్నారు. ఇక్కడి స్పానిష్ మీద ఇంగ్లిష్ ప్రభావం ఎక్కువ. బీమాకు పుస్తకంలో "సెగూరో" అంటే, ఇక్కడి జనం "అసెగురాన్సా" అంటారు. దరఖాస్తు చేసుకోవడానికి "సొలిసితార్" బదులు "అప్లికార్" అంటారు. ఎదుటి మనిషి వాడే మాటతోనే మాట్లాడండి, కాగితం మీద మాత్రం పుస్తకం మాట రాయండి. కోర్టు విషయం వస్తే మనకు తెలిసిన స్పానిష్‌తో సాయం చేయబోవద్దు. లైసెన్సు ఉన్న దుబాసీనే పిలవాలి. ఒక మనిషి ఇల్లో, పిల్లలో, వీసానో ఆ మాటల మీద ఆధారపడి ఉంటుంది.

తంగేడు

అందరికీ కృతజ్ఞతలు. ఆక్తోస్ దె దొమీనియో పేరాను ముసాయిదాలోంచి తీసేయమని లాయరుకు రాశాం, ఒప్పుకున్నారు. తీతులోస్ దె క్రెదితో కూడా ఉంది, పాలపిట్ట గారు చెప్పిన చోటే. దానికి ఇద్దరి సంతకం పెట్టించాం.

చివరిగా ఒకటి. పెరూ మందుల అధికార సంస్థ దిహెమిద్ నుంచి వచ్చిన ఉత్తరంలో "వెన్సిమియెంతో" అన్న మాట పలుచోట్ల ఉంది. మా రెగ్యులేటరీవాళ్లు బ్యాచ్ గడువు గురించి అంటున్నారు, నాకు రిజిస్ట్రేషన్ గడువు అనిపిస్తోంది. ఏది?

పాలపిట్ట

ఆ మాట రెండింటికీ వస్తుంది, ఇన్‌వాయిస్ మీద అయితే చెల్లింపు గడువుకు కూడా వస్తుంది. దాని వెనుక ఏముందో చూడండి. "దెల్ ప్రొదుక్తో" అనో "దెల్ లోతె" అనో ఉంటే మందు గడువు. దక్షిణ అమెరికాలో డబ్బా మీద ఫెచా దె వెన్సిమియెంతో అని వేస్తారు, మెక్సికో, స్పెయిన్‌లలో అదే ఫెచా దె కదుసిదాద్. "దెల్ రెహిస్త్రో సనితారియో" అని ఉంటే రిజిస్ట్రేషన్ గడువు.

ఉత్తరంలో "రెయిన్‌స్క్రిప్సియోన్" అన్న మాట ఉందేమో వెతకండి. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు పెరూలో వాడేది అదే. కొలంబియాలో "రెనొవాసియోన్", మెక్సికోలో "ప్రొర్రోగా" అంటారు. పెరూలో రిజిస్ట్రేషన్ ఐదేళ్లకు ఇస్తారు.

తంగేడు

ఉంది. మూడో పేరాలో, రిజిస్ట్రేషన్ నంబరు పక్కనే. రెగ్యులేటరీవాళ్లకు ఇప్పుడే పంపుతున్నాను, దరఖాస్తు పెట్టడానికి ఇంకా సమయం ఉంది.